మిద్దె మీది కోతుల గురించి ఎవరికి మొరపెట్టుకోవాలి?

మిద్దె మీదికి రోజూ కోతుల మంద దిగుతున్నదని, ఫిర్యాదు ఎవరికి చేయాలని మీరు అడిగారు. మాది జగిత్యాల జిల్లాలోని ఒక పల్లె. ఇదే ప్రశ్న పట్టుకుని కాళ్లరిగేలా తిరిగినవాడిని కనుక చెబుతున్నాను.

ఒక సంక్రాంతికి ముందు మా అమ్మ, ఇద్దరు చిన్నమ్మలు తెల్లవారకముందే లేచి, మిద్దె మీద పాత పంచె పరచి సకినాలు చుట్టారు. నూనె కాగే లోపున ఇరవై కోతుల దాకా దూకి, పంచెను పచ్చి సకినాలతో సహా ఈడ్చుకుపోయి నీళ్ల ట్యాంకు మీద పంక్తి తీరినట్లు కూర్చున్నాయి. ఒక చిన్నమ్మ ఆంజనేయుడని చేతులు జోడించగా, రెండో చిన్నమ్మ చెప్పు విసిరింది. చీపురెత్తిన అమ్మ ముంజేతిని మాత్రం గండు కోతి కొరికింది. గాయాన్ని పావుగంట సేపు సబ్బు నీళ్లతో కడిగి, సర్కారు దవాఖానకు తీసుకువెళ్లాము. రేబిస్ టీకాలు మొదటి రోజు నుంచి ఇరవై ఎనిమిదో రోజు వరకు ఐదు విడతలుగా వేశారు.

తరువాత పంచాయతీకి వెళితే అటవీశాఖకు రాయమన్నారు. అటవీశాఖ వారేమో ఊళ్లో తిరిగే కోతి పంచాయతీదేనన్నారు. 2022 సవరణతో వన్యప్రాణి చట్టపు షెడ్యూళ్ల నుంచి, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాల నుంచి, ఊళ్లలో తిరిగే ఈ ఎర్రమూతి రీసస్ కోతిని తొలగించాక ఈ జవాబు వారికి మరింత సులువైంది. కోతులు బెదిరిపోయేలా కొండముచ్చును తెచ్చి కట్టేద్దామని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు గానీ, దానికి ఆ చట్టం కింద రక్షణ ఉన్నది, పట్టి కట్టేస్తే మన మీదే కేసు అవుతుంది. చివరికి ఇంటికి మూడు వందల చొప్పున చందా వేసుకుని కోతులు పట్టేవారిని పిలిపించాము. వారు బోన్లలో పల్లీలు, అరటిపండ్లు పెట్టి రెండు రోజుల్లో మందనంతా పట్టి, ఎక్కడో గుట్టల్లో వదిలివచ్చారు. ఇరవై రోజులు తిరగకముందే మరో మంద వచ్చింది. ఆ గుట్టల కింద ఉన్న ఊరివారు కూడా మాలాగే చందాలు వేసుకుని ఉంటారని నాకు గట్టి నమ్మకం.

కనుక ఫిర్యాదు పంచాయతీకే, పట్టణమైతే మున్సిపాలిటీకే, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అయితే పట్టి దూరంగా వదలమని మాత్రం రాయకండి. నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం 2020 డిసెంబరులోనే ప్రారంభమైంది. అక్కడికి పంపాలని స్పష్టంగా కోరండి.

అంతకన్నా ముందు మీ వీధిలో వాటికి తిండి పెడుతున్నది ఎవరో చూడండి. మా వీధిలో ఒక పెద్దాయన ప్రతి మంగళవారం గెల అరటిపండ్లు గోడ మీద పెట్టేవారు. మందను పట్టించడానికి రెండు రోజులు చాలాయి గానీ, ఆయనను ఒప్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇప్పుడాయన ఆ గెలను కొండగట్టు ఆంజనేయుడి గుడికి తీసుకువెళుతున్నారు.