ఫ్రెండ్ రెజ్యూమే మీ చేతికొస్తే...

ప్రశ్న: ఒకరి రెజ్యూమే ఒకరు చూసి అభిప్రాయం రాయమని మా క్లాసులో చెప్పారు. నాకే ఇంకా ఉద్యోగం లేదు, పక్కమ్మాయికి నేనేం చెప్పగలను? ‘బాగుంది’ అని రాసి ఇచ్చేశాను. అసలు ఎలా చూడాలి?
– డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని

జవాబు: ఉద్యోగం ఎలా వస్తుందో మీరు చెప్పక్కర్లేదు. చదువుతూ ఎక్కడ ఆగిపోయారో, ఏది అర్థం కాలేదో చెప్పండి, చాలు. రాసినవాళ్లకి అది కనపడదు. ప్రాజెక్టు సంగతంతా వాళ్ల బుర్రలో ఉంటుంది కాబట్టి, కాగితం మీద లేని ముక్కని కూడా మనసులో పూరించుకుని చదివేస్తారు.

ముందు ఆమె ఏ ఉద్యోగానికి పంపబోతోందో అడిగి, ఆ ప్రకటన తీసుకోండి. అది లేకుండా సలహా ఇవ్వడం కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టడమే.

ఫోన్లో 30 సెకన్లు టైమర్ పెట్టి, పైనుంచి కింది దాకా ఒకసారి చూసి కాగితం బోర్లించండి. గుర్తున్నవి మూడు రాయండి. ఆమె గొప్పగా చెప్పుకోవాలనుకున్న ఇంటర్న్‌షిప్ ఆ మూడింట్లో లేదంటే, అది ఎక్కడో కింద ఇరుక్కుపోయిందన్నమాట. ఈ చీటీ ఆమెకి ఇచ్చెయ్యండి.

రెండోసారి పెన్సిల్‌తో, తీరిగ్గా. ప్రకటనలో అడిగిన ఒక్కో నైపుణ్యానికీ రెజ్యూమేలో ఆధారం ఏ వాక్యంలో ఉందో గీత గీయండి. స్కిల్స్ కింద ఎక్సెల్ అని ఉండి, ఏ ప్రాజెక్టులోనూ ఎక్సెల్ వాడిన జాడ లేకపోతే అక్కడ ప్రశ్నార్థకం పెట్టండి. ఒక్కో బుల్లెట్‌నీ మూడు అడగండి: ఏం చేసింది, ఎలా చేసింది, చివరికి ఏమైంది? ‘కాలేజీ ఫెస్ట్‌లో చురుగ్గా పాల్గొన్నాను’ అన్న లైను మూడింటికీ నోరు మెదపదు. ‘40 మంది వాలంటీర్లకు డ్యూటీ చార్టు వేసి, రెండు రోజులు రిజిస్ట్రేషన్ డెస్క్ నడిపాను’ అంటే మొదటి రెండూ తేలిపోయాయి. ఎంతమంది పేర్లు నమోదు చేశారన్నది ఇంకా అడగొచ్చు. అయితే ఆ అంకె మీరు ఊహించి రాయకండి. మీరు ప్రేమతో పెట్టిన అంకె ఇంటర్వ్యూలో ఆమె మెడకు చుట్టుకుంటుంది. టీమ్ ప్రాజెక్టు అయితే ఆ ‘మేము’లో ఆమె వాటా ఎంతో కూడా తేల్చమనండి.

స్పెల్లింగ్ చివరికి. దాంతోనే మొదలుపెడితే, రేపు కొట్టేయబోయే వాక్యానికి కామాలు సర్దుతూ కూర్చుంటారు. కింది లైను నుంచి పైకి చదవండి. మామూలుగా చదివితే కన్ను అర్థం వెంట పరిగెత్తి తప్పుల్ని దాటేస్తుంది. ఫోన్ నంబరులో అంకెలు లెక్కపెట్టండి. తేదీలన్నీ ఒకే పద్ధతిలో ఉన్నాయో లేదో చూడండి. లింకులు మీ ఫోన్లో నొక్కండి. ప్రాజెక్టు ప్రైవేట్‌గా ఉండిపోతే ఆమె లాగిన్‌లో తెరుచుకుంటుంది, బయటివాళ్లకి తెరుచుకోదు.

తిరిగిచ్చేటప్పుడు, ఉంచాల్సింది ఒకటి, ఎందుకో కూడా కలిపి, మార్చాల్సినవి మూడు చెప్పండి. పదిహేను ఎర్రగీతలు చూస్తే ఎవరైనా సులువైన కామా ఒకటి మార్చి ఊరుకుంటారు.

ప్రశ్న: నా రెజ్యూమే ఇద్దరికి చూపించాను. పైన ఉన్న ‘లక్ష్యం’ పేరా తీసెయ్యమని ఒకరు, ఇంకాస్త పెంచమని ఒకరు. ఎవరి మాట వినాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: వాళ్లు రాసిచ్చిన మందులు పక్కన పెట్టి, నొప్పి ఎక్కడ చూపించారో చూడండి. ఇద్దరూ ఆ పేరా దగ్గరే ఆగారు. అంటే అది పనిచెయ్యట్లేదు. ‘పేరున్న సంస్థలో నా నైపుణ్యాలను వినియోగిస్తూ ఎదగాలని’ అనే వాక్యం ఎవరి పేరు కింద పెట్టినా అతుకుతుంది. ఏ ఉద్యోగం కోరుతున్నారో, దానికి పనికొచ్చేలా మీరు చేసిందేమిటో రెండు లైన్లలో చెప్పగలిగితే ఉంచండి. లేదంటే ఆ చోటు ప్రాజెక్టుకివ్వండి.

ఇంకో మాట. ఎవరైనా తప్పు చూపగానే ‘అది కాదు, అక్కడ నేను చేసిందేంటంటే...’ అని మొదలుపెడతాం. ఆ నోటిమాటే వెంటనే రాసుకోండి. కాగితం మీద ఉండాల్సిన వాక్యం చాలాసార్లు అదే. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. ‘రెండో ప్రాజెక్టులో నా పనేమిటో తెలిసిందా?’ అని అడిగి చూడండి.

ప్రశ్న: మా ఫ్రెండ్ నా రెజ్యూమే మొత్తం తిరగరాసి ఇచ్చాడు. చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. వాడుకోవచ్చా?

జవాబు: ఒక్కో లైను మీద వేలు పెట్టి, దాని గురించి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడగలరేమో చూసుకోండి. మాట్లాడలేని లైను తీసెయ్యండి. ఈసారి ఫైలు ఇచ్చేటప్పుడు, మార్పులు నేరుగా పడిపోకుండా సూచనలుగా కనిపించే ‘సజెషన్’ మోడ్‌లో పెట్టివ్వండి. అప్పుడు ఏ మార్పు ఒప్పుకోవాలో మీ చేతిలో ఉంటుంది. పాత కాపీని తేదీ వేసి దాచుకోండి.

ప్రశ్న: రెండు కాలమ్‌లు, పక్కన ఫొటో, ఒక్కో స్కిల్ ఎంత వచ్చో చూపే ఐదేసి చుక్కలు ఉన్న డిజైన్ వాడాను. అందరూ మార్చమంటున్నారు. అసూయేమో?

జవాబు: పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యండి. చదువు మధ్యలో ఫోన్ నంబరు, ప్రాజెక్టు మధ్యలో హాబీలు వచ్చి పడితే, దరఖాస్తులు వడపోసే సాఫ్ట్‌వేర్‌కీ అలాగే చేరే ప్రమాదం ఉంది. ఇక చుక్కలంటారా, పైథాన్‌కి ఐదులో నాలుగు అని ఎవరు కొలిచారు?

ప్రశ్న: క్లాసు గ్రూపులో రెజ్యూమే పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, పుట్టినతేదీ తీసేసిన కాపీ పెట్టండి. సలహా ఇవ్వడానికి అవి ఎవరికీ అక్కర్లేదు.