అద్దె ఇంటి ఫ్రిజ్‌కు స్టీలు మెరుపు అద్దితే అడ్వాన్సు పోతుందా?

ప్రశ్న: పదకొండు నెలల ఒప్పందం మీద అన్ని సౌకర్యాలతో కూడిన ఇంట్లో అద్దెకు ఉన్నాము. ఇంటి యజమాని గారి పాత ఫ్రిజ్, డిష్‌వాషర్ తెల్ల రంగు పోయి పసుపుబారి ఉండడంతో, తక్కువ ఖర్చులో స్టెయిన్‌లెస్ స్టీలు వాటిలా కనిపించాలని ఫ్రిజ్‌ తలుపులకు స్టీలు రంగు వినైల్ షీటు అంటించి, డిష్‌వాషర్ తలుపుకు స్టీలు పెయింటు వేశాను. ముందుగా ఫోన్ చేసి అడిగితే ఆయన "మీ ఇష్టం" అన్నారు. ఇప్పుడు ఖాళీ చేస్తున్నామనగానే, ఒప్పందంలో "యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఎలాంటి మార్పులూ చేయరాదు" అని ఉందంటూ, రెండింటికీ కొత్తవాటి ధర అడ్వాన్సులో మినహాయించుకుంటానంటున్నారు. ఆయనకు ఆ హక్కు ఉందా? అదే షీటు అంటించిన మా సొంత మైక్రోవేవ్ ఒవెన్‌ను అమ్ముకుంటే ఇబ్బంది ఏమైనా వస్తుందా?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి, పాత వస్తువులకు బదులుగా కొత్తవాటి ధరను మీ అడ్వాన్సులోంచి తీసుకునే హక్కు యజమానికి లేదు. అయితే డిష్‌వాషర్ విషయంలో మీరు కొంత చెల్లించవలసి రావచ్చు. ఫ్రిజ్ విషయంలో, షీటును జాగ్రత్తగా తీసి అప్పగిస్తే, ఏమీ చెల్లించనవసరం ఉండకపోవచ్చు. ఒకే ఉద్దేశంతో చేసిన రెండు పనులకు ఇలా రెండు రకాల సమాధానాలు రావడానికి కారణం, షీటును తీసేయగలం గాని పెయింటును వెనక్కి తీసుకోలేము అన్నదే.

అద్దెదారు బాధ్యతల గురించి చాలామంది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 108ను ఉదహరిస్తారు. సాధారణ వాడకం వల్ల వచ్చే అరుగుదల మినహా, తీసుకున్నప్పుడు ఎలా ఉందో అదే స్థితిలో ఆస్తిని అప్పగించాలని ఆ సెక్షన్ చెబుతుంది. కాని అది స్థిరాస్తికి, అంటే ఇంటికి, సంబంధించినది. గోడలో బిగించి కట్టిన వస్తువు అయితే అది ఇంటిలో భాగమా కాదా అన్న వాదన రావచ్చు గాని, పైపు ఊడదీసి పక్కకు జరపగలిగే డిష్‌వాషర్, ప్లగ్గు తీస్తే కదిలే ఫ్రిజ్ చరాస్తులే. వాటిని వాడుకుని తిరిగి ఇచ్చే షరతు మీద మీ చేతికి అప్పగించారు కాబట్టి, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 148 చెప్పే బెయిల్‌మెంటు కిందకు ఈ వ్యవహారం వస్తుందన్నది నా అభిప్రాయం. సెక్షన్ 151 ప్రకారం, సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువు పట్ల ఎంత శ్రద్ధ చూపుతాడో అంత శ్రద్ధ మీరు చూపవలసి ఉంటుంది. గడువు తీరాక సెక్షన్ 160 ప్రకారం వాటిని తిరిగి అప్పగించాలి.

ఇప్పుడు ఆ "మార్పులు" అన్న మాటకు వద్దాం. ఆ షరతు గోడలు, తలుపులు, వైరింగు వంటి వాటిని దృష్టిలో పెట్టుకుని రాసినదే తప్ప ఫ్రిజ్ తలుపు మీద అంటించే షీటును ఉద్దేశించినది కాదని మీరు వాదించవచ్చు; రెండర్థాలు వచ్చే షరతును దాన్ని రాయించుకున్నవారికి అనుకూలంగా చదవకూడదన్న పాత న్యాయసూత్రం కూడా మీకు తోడవుతుంది. అయినా కేసు మొత్తాన్ని ఈ ఒక్క వాదన మీద నిలబెట్టమని నేను సలహా ఇవ్వను. ఫోన్‌లో ఆయన ఇచ్చిన మాటే మీకు ఎక్కువ బలం. రాతపూర్వక ఒప్పందం కుదిరాక దాన్ని మార్చుకుంటూ నోటిమాటగా చేసుకున్న అంగీకారాన్ని నిరూపించడానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 95 వీలు కల్పిస్తుంది. అయితే ఆ ఒప్పందం చట్టప్రకారం తప్పనిసరిగా రాతలో ఉండవలసినదైనా, రిజిస్టరు అయినదైనా ఈ వెసులుబాటు దక్కదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107 ప్రకారం ఏడాదికి మించిన కౌలుకు, ఏటేటా సాగే కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదకొండు నెలల ఒప్పందాలు అంతగా వాడుకలో ఉండడానికి కారణం అదే. మీ రాష్ట్ర అద్దె చట్టం ప్రతి అద్దె ఒప్పందమూ రాతలోనే ఉండాలని చెబుతుంటే మాత్రం పరిస్థితి మారుతుంది. కాబట్టి ఒప్పందాన్ని స్థానిక న్యాయవాదికి ఒకసారి చూపించండి.

అంగీకారం ఉందని చెప్పడం వేరు, దాన్ని నిరూపించడం వేరు. ఆ ఫోన్ సంభాషణకు ముందుగాని తరువాతగాని మీరిద్దరూ పంపుకున్న సందేశాలు, పని పూర్తయ్యాక పంపిన ఫొటోలు, ఆయన ఇంటికి వచ్చి చూసి అభ్యంతరం చెప్పకపోవడం వంటివన్నీ ఇక్కడ పనికి వస్తాయి. ఫోన్‌లోని సందేశాలను కోర్టులో దాఖలు చేసేటప్పుడు అవి ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెబుతూ అదే చట్టంలోని సెక్షన్ 63 కోరే ధ్రువపత్రం జతచేయాలి గనుక, పాత ఫోన్ మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు వాయిదా వేసుకోండి.

అంగీకారం నిరూపణ కాలేదనే అనుకుందాం. అప్పుడైనా యజమానికి దక్కేది నిజంగా జరిగిన నష్టానికి పరిహారమే గాని, పాత ఫ్రిజ్ ఇచ్చి కొత్త ఫ్రిజ్ పుచ్చుకునే అవకాశం కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 అర్థం ఇదే. ఉల్లంఘన జరిగితే అడ్వాన్సు మొత్తం జప్తు అవుతుందని ఒప్పందంలో రాసి ఉన్నా, సెక్షన్ 74 ఆ మొత్తాన్ని గరిష్ఠ పరిమితిగానే చూస్తుంది. ఫతేచంద్ వర్సెస్ బాల్‌కిషన్ దాస్ కేసులో 1963లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కింద సమంజసమైన పరిహారానికి మించి ఇవ్వరాదని చెప్పింది. కైలాష్ నాథ్ అసోసియేట్స్ వర్సెస్ ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 2015లో, నష్టమే జరగనప్పుడు డిపాజిట్టును జప్తు చేయడం కుదరదని స్పష్టం చేసింది. అవి స్థలాల అమ్మకాలకు, వేలాలకు సంబంధించిన తగాదాలే అయినా, అక్కడ చెప్పిన సూత్రం మీ అడ్వాన్సుకూ వర్తిస్తుంది.

ఫ్రిజ్ విషయంలో మీ వాదన ఎంత నిలుస్తుందన్నది షీటు తీసే తీరు మీద ఆధారపడి ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో కొద్దిగా వెచ్చచేసి, ఒక మూల నుంచి నెమ్మదిగా లాగితే వినైల్ చాలావరకు శుభ్రంగా వస్తుంది. మిగిలిన జిగురును సబ్బునీళ్లతోనో కాస్త నూనెతోనో తుడవవచ్చు. ఈ పనిని ఖాళీ చేసే రోజు హడావుడిలో కాకుండా కొన్ని రోజుల ముందే, వీలైతే యజమాని సమక్షంలో చేసి, వీడియో తీసి ఉంచుకోండి. షీటుతోపాటు కింది పాత రంగు పొరలుగా ఊడివస్తే అది నష్టమే, కాని దాని కొలత ఆ తలుపుకు మళ్లీ రంగు వేయించే ఖర్చు. షీటు వల్లే మోటారు పాడైందని రేపు ఆయన అంటే, అది నిరూపించవలసిన భారం ఆయనదే. అయితే చాలా ఫ్రిజ్‌లలో వేడిని బయటకు పంపే గొట్టాలు పక్క గోడల రేకు వెనుకే ఉంటాయి. మీరు తలుపులకు మాత్రమే అంటించడం ఈ విషయంలో మీకు కలిసివచ్చింది.

డిష్‌వాషర్ సంగతి ఇంత తేలిక కాదు. పెయింటు పట్టాలంటే పాత పూతను గరుకు కాగితంతో రుద్దాలి, ప్రైమర్ వేయాలి. ఆ తరువాత మొదటి పూతను తిరిగి తేవడం సాధ్యం కాదు. తలుపు అంచున ఉండే మోడల్ నంబరు, సీరియల్ నంబరు పట్టీ పెయింటు కింద కప్పబడిపోయి ఉంటే, రిపేరు సమయంలో యజమానికి ఇంకో చిక్కు కూడా తెచ్చినట్టే. ఇప్పుడది ముందుకన్నా అందంగా ఉందన్నది మీ మాట; తన వస్తువు ఎలా ఉండాలో నిర్ణయించుకునే హక్కు ఆయనది. "నా ఖర్చుతో మెరుగుపరిచాను, ఆ ఖర్చు ఇవ్వండి" అని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 కింద ఎదురు అడగాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. మీరు ఆ పని మీ సౌకర్యం కోసమే చేసుకున్నారు కాబట్టి ఆ దారి పట్టవద్దు. అంగీకారం నిరూపణ కాకపోతే, ఆ తలుపును మళ్లీ పాత రంగుకు తెచ్చే ఖర్చునో, లేదా ఆ పెయింటు వల్ల పాత యంత్రం విలువ ఎంత తగ్గిందో అంత మొత్తాన్నో ఇవ్వడానికి సిద్ధపడడం మంచిది. దీనికి ఒక మెకానిక్ రాసిచ్చిన అంచనా ఉంటే సగం తగాదా అక్కడే ముగుస్తుంది.

వస్తువులను ఇద్దరూ కలిసి చూసి, ఒక జాబితా రాసుకుని సంతకాలు చేయండి. ఆయన అంగీకరించకపోతే, ఏ తేదీన ఏమి మాట్లాడుకున్నారో వివరిస్తూ న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. అప్పటికీ తిరిగి ఇవ్వకపోతే సివిల్ కోర్టులో దావా వేయవచ్చు, దానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. చివరి నెలల అద్దె ఆపేసి అడ్వాన్సులో సర్దుబాటు చేసుకుంటామని ఏకపక్షంగా ప్రకటించకండి. అది ఆయనకు లేని వాదనను చేతికి ఇచ్చినట్టవుతుంది.

ఒవెన్ మీదే కాబట్టి దాని రూపం మార్చుకునే స్వేచ్ఛ మీదే. గాలి వచ్చే రంధ్రాలను, తలుపు మూసుకునే అంచును షీటు కప్పకుండా చూసుకోండి. అమ్మేటప్పుడు మాత్రం మీరు చెప్పే మాటే మీ బాధ్యతను నిర్ణయిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఒవెన్ అని వర్ణించి అమ్మితే, 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 ప్రకారం వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. నిజాన్ని కావాలని కప్పిపుచ్చడం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కింద మోసం. కొన్నవారు సెక్షన్ 19 కింద ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. ఆ అబద్ధంతోనే డబ్బు రాబట్టారని తేలితే మోసాన్ని నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 దాకా వ్యవహారం వెళ్తుంది. అయస్కాంతం అంటుకుంటే స్టీలు కాదని కొందరు పరీక్షిస్తారు గాని, ఆ పరీక్షను నమ్ముకోకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలులో అయస్కాంతానికి అంటుకునే రకాలూ ఉన్నాయి.

ఒక్కసారి సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తి మీద వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నిలవడం కష్టం. పాత యంత్రాలు కొని, ఇలా మెరుగుపెట్టి అమ్మడాన్ని వ్యాపారంగా చేసుకుంటే మాత్రం, బాగుచేసిన పాత సరుకును కొత్తదిగా చూపడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. పాత పేరు పట్టీ తీసేసి పెద్ద కంపెనీ పట్టీ అతికించి అమ్మడం ఇంకా ప్రమాదకరం. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం సెక్షన్లు 103, 104 దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా విధిస్తాయి. మీరు ఇచ్చే రసీదులో "వాడిన మైక్రోవేవ్ ఒవెన్, బయట స్టీలు రంగు వినైల్ షీటు అంటించినది, కొన్నవారు చూసి అంగీకరించారు" అని రాసి, మోడల్ నంబరు, తేదీ వేసి ఇద్దరూ సంతకం చేయండి.