బండి ఎత్తు పెంచాక మొదలయ్యే తంటాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు లిఫ్ట్ కిట్ వేయించుకున్నవాళ్ళవే, అందుకని వాటన్నిటినీ ఒకచోట పెట్టి రాస్తున్నా. ముందుగా ఒక్క మాట. బండి కింద ఉన్న ప్రతి రాడ్డూ, షాఫ్టూ, గొట్టమూ తయారుచేసినవాళ్ళు ఫలానా ఎత్తుకి ఫలానా కోణం అని లెక్కేసి పెట్టినవే. మనం రెండంగుళాలు లేపితే ఆ కోణాలన్నీ ఒకేసారి మారిపోతాయి, తర్వాత వచ్చే వణుకూ మోతా చాలావరకు అక్కడ్నుంచే పుడతాయి.

ప్రశ్న: సార్, నాది సుజుకి జిమ్నీ. రెండంగుళాల లిఫ్ట్ స్ప్రింగులు వేయించి టైర్లు కూడా ఒక సైజు పెద్దవి పెట్టించా. ఇప్పుడు 70 దాటాక చిన్న గుంత తగిలినా చాలు స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు అటూ ఇటూ కొట్టుకుంటోంది, స్పీడు బాగా తగ్గించేదాకా ఆగట్లేదు. మెకానిక్ ఏమో హెవీ డ్యూటీ స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే పోతుందంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. డ్యాంపర్ ఆ వణుకుని కొన్నాళ్ళు అణిచిపెడుతుంది అంతే, లోపల ఏ బుష్ అరిగిందో ఏ బోల్టు లూజయిందో అది అలాగే అరుగుతూ ఉంటుంది, డ్యాంపర్ నీరసించగానే ఈసారి ఇంకా గట్టిగా తిరగబెడుతుంది. అసలు కారణం దొరికి సరిచేసేదాకా బండిని దయచేసి హైవే మీదకి తీసుకెళ్ళకండి.

అసలు జరిగేదేంటంటే, జిమ్నీకి ముందు కూడా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు), దాన్ని పట్టుకునేవి రెండు రేడియస్ ఆర్మ్‌లు. బాడీ పైకి లేచినప్పుడు ఆర్మ్‌లు ఇంకా కిందికి వాలతాయి, వాటితోపాటు యాక్సిల్ హౌసింగ్ కూడా కొద్దిగా ముందుకి తిరుగుతుంది, దాంతో క్యాస్టర్ కోణం (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన వాలు) తగ్గిపోతుంది. సైకిల్ ముందు ఫోర్కు కొంచెం వాలుగా ఉండబట్టే చేతులు వదిలినా నేరుగా పోతుంది కదా, ఇక్కడ క్యాస్టర్ చేసే పనీ అదే, చక్రం తనంతట తాను మధ్యకి రావాలి. అది తగ్గితే చక్రానికి నిలకడ పోతుంది, దానికి పెద్ద టైరు బరువు తోడైతే చిన్న కుదుపు కూడా పెద్ద ఊపు అయి కూర్చుంటుంది. దీనికి మందు క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు, అంటే రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి జరిపి ఉన్న బుష్‌లు, లేదంటే కోణం సరిచేసి కట్టిన కొత్త ఆర్మ్‌లు. రెండంగుళాలకి మామూలుగా బుష్‌లతో సరిపోతుంది.

అయితే క్యాస్టర్ ఒక్కటే అనుకుని ఆగిపోకండి. మొట్టమొదట టైర్లు బ్యాలెన్స్ చేయించండి. తర్వాత పాన్‌హార్డ్ రాడ్ చూడండి, అంటే యాక్సిల్ పక్కకి జరక్కుండా ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య అడ్డంగా ఉండే రాడ్డు. బండి నేల మీదే నిలబెట్టి, చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి ఒకళ్ళు లోపల కూర్చుని స్టీరింగ్‌ని ఎడమకీ కుడికీ కొంచెం కొంచెం గబగబా తిప్పుతూ ఉండాలి, ఇంకొకళ్ళు కింద ఆ రాడ్డు రెండు చివర్లా బోల్టు తలమీద వేలు ఆనించి పట్టుకోవాలి. బోల్టు రంధ్రంలో కదుల్తుంటే వేలికి టక్ టక్‌మని తెలిసిపోతుంది, కంటికి మాత్రం కనపడదు. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయి ఉంటే నట్టు ఎంత బిగించినా లాభం లేదు, బ్రాకెట్‌కి వెల్డింగ్ చేయించాల్సిందే. ఇదే పద్ధతిలో స్టీరింగ్ కదలికని చక్రాలకి చేర్చే రాడ్లు, అంటే డ్రాగ్ లింక్, టై రాడ్ చివర్లు కూడా చూడండి.

ఆ తర్వాత కింగ్ పిన్ బేరింగులు, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఎడమకీ కుడికీ తిరిగే ఇరుసువి. చక్రం జాక్ మీద లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే (వదులు) ఉంటే ఒకళ్ళని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి, ప్లే పోయిందంటే వీల్ బేరింగ్, అలాగే ఉందంటే కింగ్ పిన్. ఇది తెలీక వీల్ బేరింగులు మార్పించి డబ్బులు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

మీరు అడగలేదుగానీ ఇంకోటి కూడా చెప్పాలి, లిఫ్ట్ తర్వాత యాక్సిల్ కొంచెం పక్కకి జరుగుతుంది. 800 మిల్లీమీటర్ల పాన్‌హార్డ్ రాడ్డుకి రెండు చివర్ల మధ్య ఎత్తు తేడా 100 నుంచి 150 అయిందనుకోండి, యాక్సిల్ సుమారు 8 మిల్లీమీటర్లు ఛాసిస్ బ్రాకెట్ ఉన్న వైపుకి పోతుంది. అడ్జస్టబుల్ రాడ్ వేస్తే మధ్యకి వస్తుంది. కొంతమంది ఇక్కడే డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి డ్రాగ్ లింక్‌ని కదిపే చేయి, కిందికి వంచినది) ఒక్కటే వేసేస్తారు, అలా చేస్తే డ్రాగ్ లింక్ ఒక వాలులో పాన్‌హార్డ్ రాడ్ ఇంకో వాలులో ఉండిపోయి గుంత ఎక్కి దిగిన ప్రతిసారీ బండి దానంతటదే పక్కకి తిరుగుతుంది. ఆ రెండూ ఎప్పుడూ ఒకే వాలులో ఉండాలి, కిట్ కొనేటప్పుడు దుకాణంవాళ్ళని మొదట అడగాల్సింది ఇదే.

ప్రశ్న: నా జీప్ రాంగ్లర్ టీజే మోడల్. నాలుగంగుళాలు లేపాక 60 నుంచి 80 మధ్యలో సీటు కింద గుర్రుమని ఒకటే వణుకు. టైర్లు బ్యాలెన్స్ చేయించాను, తేడా లేదండి. షాఫ్ట్ బెండ్ అయ్యిందేమో అని కొత్తది కొనబోతున్నా.

జవాబు: కొనకండి, ముందు ఒక పరీక్ష చెయ్యండి. రోడ్డు ఖాళీగా ఉన్నచోట 80కి తీసుకెళ్ళి న్యూట్రల్ వేసి వదిలెయ్యండి. ఇంజన్ ఐడిల్‌కి పడిపోయినా వణుకు అలాగే ఉండి బండి స్పీడుతోపాటే తగ్గుతుంటే ఇంజన్‌ది కాదు, ఇంజన్ రేసు తగ్గగానే వణుకూ పోతే అది వేరే కథ. మీరు చెప్పే లక్షణాల్ని బట్టి నాకైతే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని వెనక యాక్సిల్‌కి చేర్చే షాఫ్టు) కోణమే అనిపిస్తోంది.

1997 నుంచి 2006 దాకా వచ్చిన టీజేల్లో, రూబికాన్ తప్ప, వెనక షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందూ వెనకా చక్రాలకి శక్తిని పంచే పెట్టె) దగ్గర స్లిప్ యోక్‌తో, అంటే లోపలికీ బయటికీ జారే జాయింటుతో ఉంటుంది, పైగా షాఫ్టు పొట్టిది. పొట్టి షాఫ్టుకి ఎత్తు కొంచెం మారినా కోణం బాగా పెరిగిపోతుంది. మామూలు యూ జాయింట్ (షాఫ్టు చివర వంగి తిరిగే కీలు) కోణంలో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది, రెండు చివర్లా కోణాలు సమానంగా ఉంటే ఒకదాని హెచ్చుతగ్గుల్ని రెండోది కొట్టేస్తుంది, సమానంగా లేకపోతే ఆ తేడా అంతా వణుకై సీటు కిందకొస్తుంది.

చాలామంది చేసేది ట్రాన్స్‌ఫర్ కేస్‌ని స్పేసర్లు పెట్టి కిందికి దించడం. వణుకు తగ్గుతుంది నిజమే, కానీ ఎత్తు కోసం లేపిన బండికి మధ్యలో మళ్ళీ ఎత్తు పోగొట్టుకుని రాళ్ళకి అదే ముందు తగులుతుంటే ఏం లాభం చెప్పండి. సరైన పని స్లిప్ యోక్ ఎలిమినేటర్ (ఆ జారే యోక్ బదులు కదలని యోక్ పెట్టే కిట్) వేసి, పైన డబుల్ కార్డన్ జాయింట్ (రెండు యూ జాయింట్లు జతచేసినది) ఉన్న షాఫ్టు పెట్టి, వెనక యాక్సిల్‌ని పట్టుకునే అడ్జస్టబుల్ కంట్రోల్ ఆర్మ్‌లతో పినియన్‌ని (యాక్సిల్‌లో షాఫ్టు కలిసే గేరుని) పైకి తిప్పడం. డబుల్ కార్డన్ వేశాక లెక్క మారుతుంది, ఇందాక చెప్పిన సమాన కోణాలు కాదు, పినియన్ నేరుగా షాఫ్టు వైపే చూడాలి, నిలబడున్నప్పుడు ఒకటి రెండు డిగ్రీలు కిందికుంటే ఇంకా మంచిది ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కగానే అది పైకి లేస్తుంది.

ఆర్మ్‌లు బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. రబ్బర్ బుష్‌ల బోల్టులు బండి జాక్ మీద వేలాడుతుండగా ఫుల్ టైట్ చెయ్యకూడదు, నేల మీదకి దించి రెండుసార్లు ఊపి స్ప్రింగులు సర్దుకున్నాకే టార్క్ చెయ్యాలి (చెప్పిన బిగువుకి బిగించాలి). లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరిగిపోతుంది.

ప్రశ్న: సార్ 29 అంగుళాల టైర్లు తీసేసి 33 పెట్టా. చూడ్డానికి అదిరిపోయింది కానీ బండి చచ్చిపోయినట్టు లాగుతోంది, టాప్ గేరు పడట్లేదు. ఇంజన్ పోతుందా?

జవాబు: ఇంజన్‌కేం కాలేదు, గేరింగ్ పొడుగైపోయింది. మీ డిఫరెన్షియల్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్టు తిరిగే చుట్లు, 3.73 అనుకుంటే 33 టైరుతో అది 3.28 ఉన్నట్టు పనిచేస్తుంది. ముందున్న లాగుడు తిరిగి రావాలంటే లెక్కకి 4.24 కావాలి, పెద్ద టైరు బరువూ పెరిగిన ఎదురుగాలి తాకిడీ కలుపుకుంటే నేనైతే 4.56 క్రౌన్ పినియనే (డిఫరెన్షియల్ లోపలి గేర్ల జత) వేయించుకోమంటా. మీది ఫోర్ వీల్ బండి అయితే ముందూ వెనకా రెండూ ఒకే రేషియోకి మార్చాలి, ఒక్కదాన్ని మార్చి ఫోర్ వీల్ వేశారో ట్రాన్స్‌ఫర్ కేస్‌కే మోసం. కొత్త గేర్లు వేశాక మొదట కొద్ది దూరం మెల్లగా నడిపి బాగా చల్లారనివ్వండి, 800 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చెయ్యండి.

మీటర్ సంగతి కూడా చూసుకోండి, అది 80 చూపిస్తుంటే మీరు నిజానికి 91లో పోతున్నారు. ఇంత బరువు టైరు ఆపడానికి బ్రేకులకీ ఎక్కువ దూరం పడుతుంది, ముందుబండికి ఇంకాస్త ఎడం ఇవ్వండి.

ప్రశ్న: పాత హైలక్స్ పికప్. వెనక కమాన్ కట్టలు మార్పించి మూడంగుళాలు లేపాం. అప్పట్నుంచి బ్రేక్ తొక్కితే ముక్కు కిందికి పడిపోతోంది, ముందు ప్యాడ్లు చూస్తుండగానే అరిగిపోతున్నాయి, వెనక బ్రేకు ఉందో లేదో తెలీట్లేదు. బ్రేక్ గొట్టాల్లో గాలి తీసే బ్లీడింగ్ కూడా చేయించాం అండీ.

జవాబు: ఎంత బ్లీడ్ చేసినా పోదు. వెనక యాక్సిల్ దగ్గర్నుంచి ఛాసిస్ మీద ఒక వాల్వుకి సన్నటి కడ్డీ ఒకటి పోతుంటుంది చూడండి, అది లోడ్ సెన్సింగ్ వాల్వ్. బండిలో బరువెక్కితే ఛాసిస్ కిందికి దిగుతుంది, కడ్డీ నొక్కుకుంటుంది, వాల్వు వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ వదుల్తుంది. మీరు మూడంగుళాలు లేపారు కదా, ఇప్పుడు వాల్వు దృష్టిలో బండి ఎప్పుడూ ఖాళీనే, మీరు టన్ను బరువు వేసినా సరే. యాక్సిల్ మీద కడ్డీ బిగించే బ్రాకెట్‌ని లిఫ్ట్ ఎంతో అంత ఎత్తు పెంచితే పాత స్థితికి వచ్చేస్తుంది.

వాల్వు పీకేసి పైపు డైరెక్టుగా కలిపేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఖాళీ బండికి, అందులోనూ వాన రోడ్డు మీద, వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి గిర్రున తిరిగిపోతుంది. అలాగే బ్రేకు హోస్‌లు కూడా ఒకసారి చూడండి, ఛాసిస్‌ని స్టాండ్ల మీద పెట్టి యాక్సిల్ పూర్తిగా వేలాడేలా చేసి, ముందువైపు స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడాలి, ఎక్కడా లాగినట్టు బిగుతుగా ఉండకూడదు. ఏబీఎస్ వైరుకీ ఇదే పరీక్ష. కొత్త కమాన్ కట్టలన్నారు కాబట్టి వాటిని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు కూడా కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్ళీ టార్క్ చేయించండి, కచ్చితంగా కొంచెం సర్దుకుని ఉంటాయి.

ప్రశ్న: ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ప్రతి చక్రం విడిగా కదిలేది) ఉన్న బండికి స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసిన భాగం) పైన స్పేసర్ వేయిస్తే సరిపోతుందా? చవగ్గా అయిపోతుందని.

జవాబు: బండి లేచేది రెండంగుళాల లోపు అయితే సరే. కానీ పైనా కిందా ఆర్మ్‌లున్న సస్పెన్షన్‌లో పైన అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర సుమారు రెండంగుళాలు లేస్తుంది, ఇది తెలీక రెండంగుళాల మందం ముక్క పెట్టించేస్తుంటారు. చక్రం వేలాడినప్పుడు పై ఆర్మ్ స్ప్రింగుకి తగుల్తోందేమో చూడండి. వీల్ లోపలివైపు గ్రీజు చిమ్మిన చారలు కనిపిస్తే సీవీ బూట్ (చక్రాన్ని తిప్పే షాఫ్టు జాయింట్ మీది రబ్బరు తొడుగు) చిరిగినట్టే, తిప్పేటప్పుడు టకటకమంటే జాయింట్ కూడా పోయినట్టే. అలైన్‌మెంట్ మాత్రం తప్పనిసరి.

ప్రశ్న: వాగు దాటి వచ్చాక వెనక డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. సీల్స్ కొత్తవే, లిఫ్ట్‌కి దీనికి సంబంధం ఉంటుందా?

జవాబు: ఉంటుందండి. డిఫరెన్షియల్ హౌసింగ్ మీద నుంచి పైకి పోయే బ్రీదర్ గొట్టం (లోపలికి గాలి ఆడేది) లిఫ్ట్ తర్వాత పొడవు చాలక ఊడిపోయి ఉంటుంది, లేదా బిగుసుకుని ఎక్కడో నొక్కుకుపోయి ఉంటుంది. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి నీళ్ళలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది, పైనుంచి మంచి గాలి అందకపోతే సీల్ పక్కనుంచో ఊడిన బ్రీదర్ రంధ్రంలోంచో నీళ్ళనే లాగేసుకుంటుంది. పొడుగు గొట్టం వేసి చివర ఇంజన్ రూమ్‌లో ఎత్తుగా కట్టండి, ముందు యాక్సిల్‌కీ గేర్‌బాక్స్‌కీ కూడా చూసుకోండి. ఆయిల్ ఒకసారి మార్చి కొంచెం దూరం నడిపి మళ్ళీ మార్చండి, తెల్లదనం పూర్తిగా పోయేదాకా బండిని లాంగ్‌కి తీసుకెళ్ళకండి, నీళ్ళు కలిసిన ఆయిల్‌లో పినియన్ బేరింగులు ఎక్కువకాలం నిలవవు.