ఫీజు చూసి పాపకు మీరే ‘నో’ చెప్పేయకండి

తమ్ముడూ, పాప పదకొండో గ్రేడులో ఉందనీ, హార్వర్డ్ అంటోందనీ, ఫీజు చూశాక మీ ఇద్దరికీ నిద్ర పట్టడం లేదనీ రాశావు. ఏమీ అనుకోకు, చదివి నవ్వొచ్చింది. అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లందరూ చేసే లెక్కే నువ్వూ చేశావు. నేనైతే ఇంకా ఘోరంగా చేశాను.

2017లో మా పెద్దమ్మాయి అలాంటి ప్రైవేటు యూనివర్సిటీ పేరే ఒకటి చెప్పింది. కరెంటు బిల్లు వచ్చిన కవరు తిరగేసి లెక్క మొదలుపెట్టాను. ఏడాదికి 70 వేల డాలర్లు, నాలుగేళ్లకు 2 లక్షల 80 వేలు. అక్కడితో ఆగితే బాగుండేది. డాలరు 65 రూపాయల చొప్పున గుణించాను. 1 కోటి 82 లక్షలు! కోటి అనే మాట కనబడ్డాక ఇంక నా బుర్ర పనిచేయలేదు. అప్పటికి ఇంట్లో నాదొక్కడిదే జీతం. "మనవల్ల కాదమ్మా" అనేశాను. అది వాదించలేదు, ల్యాప్‌టాప్ మూసేసి పైకి వెళ్లిపోయింది. స్టేట్ యూనివర్సిటీలో చదివింది, ఇప్పుడు నాకన్నా ఎక్కువే సంపాదిస్తోంది. కానీ మొన్నామధ్య సెలవులకొచ్చి, గిన్నెలు సర్దుతూ అంది: "వాళ్లు కాదంటే ఊరుకునేదాన్ని నాన్నా. వాళ్లకంటే ముందు నువ్వే కాదన్నావు."

కాలేజీ చెప్పే ఆ పూర్తి రేటు అందరూ కట్టరని నాకు చెప్పినవాళ్లు లేరు. నీకు నేనున్నాను కాబట్టి విను. 2025-26లో హార్వర్డ్ ట్యూషన్ 59,320 డాలర్లు, గది, తిండి అన్నీ కలిపితే 86,926. అదే ఏడాది నుంచి, మామూలు ఆస్తులున్న కుటుంబానికి ఆదాయం 2 లక్షల డాలర్ల లోపుంటే ట్యూషన్ లేదు. లక్ష లోపైతే గదికీ తిండికీ కూడా కట్టక్కర్లేదు. సాయం అడిగారని అక్కడ సీటు ఆపరు, వీసా మీదున్న పిల్లలకైనా సరే. మిగతా చాలాచోట్ల అలా కాదు. హెచ్-4 పిల్లల్ని, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్లని, ఇంటర్నేషనల్ కింద వేసి, డబ్బు అడిగారా లేదా అన్నది కూడా చూస్తారు. వీసా మీదున్నారు కాబట్టి ఫెడరల్ ప్రభుత్వ సాయం మీకు ఎలాగూ రాదు. ఏ కాలేజీ రూలు ఏమిటో వాళ్ల సైట్‌లోనే ఉంటుంది, చూసుకో.

సీటు సంగతి అడిగావు. 2024లో చేరిన బ్యాచ్‌కి 54,008 మంది అప్లై చేస్తే 1,937 మందికి పిలుపొచ్చింది, అంటే నూటికి నలుగురు కూడా కాదు. ముందు విడతలోనే అప్లై చేసినవాళ్లలో 8.7 శాతానికి వచ్చింది కదా అని సంబరపడకు, ఆటల్లో ఎంపికైనవాళ్లూ, పూర్వ విద్యార్థుల పిల్లలూ ఆ గుంపులోనే ఎక్కువ. ఎంసెట్ ర్యాంకులా మార్కుల వరసలో సీటు దిగదు. దాని గురించి నువ్వు చేయగలిగింది తక్కువ. డబ్బు లెక్క మాత్రం నీ చేతిలో ఉంది.

చిన్నవాడి టైముకి నాకు బుద్ధొచ్చింది. ఫెడరల్ సాయం అందే ప్రతి కాలేజీ సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్, అంటే సాయం పోను మనం కట్టాల్సింది సుమారుగా ఎంతో చూపించేది, ఉండాలని చట్టమే ఉంది. జీతం స్లిప్పులు, టాక్స్ రిటర్న్ ముందేసుకుని కూర్చుంటే పావుగంట పని. సరదాకి పెద్దదాని నాటి నా జీతం కూడా వేసి చూశాను. స్టేట్ యూనివర్సిటీకి నేను కట్టినదానికన్నా తక్కువ చూపించింది! ఆ రాత్రి మా ఆవిడకి చెప్పలేదు.

తర్వాత సీఎస్ఎస్ ప్రొఫైల్ అని, కాలేజీ సాయం కోసం ఆదాయం, ఆస్తులు రాసిచ్చే ఫారం దగ్గర ఇంకో తెలివి ప్రదర్శించబోయాను. ఊళ్లో నా పేరు మీదున్న ప్లాటు ఇక్కడివాళ్లకేం తెలుస్తుందిలే అని ఆ గడి ఖాళీగా వదిలేశాను. మా ఆవిడ వెనకనుంచి చూసి, "పిల్లాడి పేరు మీద అబద్ధమా?" అంది. రాశాం. మా వాటా కొంచెం పెరిగింది. హార్వర్డ్ అయితే మీరుంటున్న ఇంటినీ, రిటైర్మెంట్ డబ్బునీ లెక్కలోకి తీసుకోదు గానీ, ప్లాట్లకు ఆ మినహాయింపు లేదు. నీకెన్ని ఉన్నాయో నువ్వు రాయలేదు. కాలిక్యులేటర్‌లో వేసేటప్పుడు అవన్నీ వెయ్యి, డాలర్లలోనే వెయ్యి.