ఇతివృత్తమా, వస్తువా?

సందేహం: నేను నల్లగొండలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. గౌరన హరిశ్చంద్ర ద్విపద, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్రీయ నాటకం, పాలమూరు వలస పాటలు తీసుకుని, వీటిలో అప్పు ఎలా కనిపిస్తుందో ప్రాజెక్టు రాస్తున్నాను. ‘మూడు కాలాల సాహిత్యంలో ఉమ్మడి ఇతివృత్తంగా అప్పు’ అని పేరు పెడితే మా సార్ ‘ఇతివృత్తం’ కొట్టేసి ‘వస్తువు’ అని రాశారు. రెండూ ఒకటే కదండీ?

సమాధానం: మీ సార్ దిద్దింది సరైనదే. అలాగని మీ అనుమానం ఉత్తదేమీ కాదు. నాట్యశాస్త్రం ఇతివృత్తాన్ని నాటకానికి శరీరం అంది. 10వ శతాబ్దిలో ధనంజయుడు దశరూపకంలో ఆ కథనే ‘వస్తువు’ అన్నాడు. అంటే పాతకాలంలో రెండూ దగ్గరివే. ఇప్పటి తెలుగు విమర్శలో దారులు వేరయ్యాయి.

ఇతి అంటే ఇలా, వృత్తం అంటే జరిగింది. ‘ఏం జరిగింది?’ అని అడిగితే వచ్చే జవాబు ఇతివృత్తం. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుడికి రాజ్యం ధారపోశాడు, ఆపైన బాకీ పడ్డాడు, భార్య చంద్రమతిని కాలకౌశికుడికి అమ్మాడు, తాను వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయ్యాడు. 15వ శతాబ్దిలో రాచకొండ ప్రాంతపు గౌరన రాసినా, 20వ శతాబ్ది తొలినాళ్లలో బలిజేపల్లి వారు రాసినా ఇదే నడక. కాబట్టి ఈ రెండింటికీ ఇతివృత్తం ఒకటే.

చిక్కంతా మీ మూడోదానితో వచ్చింది. వలస పాటకు హరిశ్చంద్రుడితో పనేముంది? కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ముందే చేతిలో అడ్వాన్సు పెడతాడు. అది తీరేదాకా ఎక్కడ డ్యాం కడితే అక్కడ తట్ట మోయాలి. మనిషి వేరు, జరిగింది వేరు. కలిసేది ఒక్క అప్పు దగ్గరే. అలా కథలు వేరైనా కలిసేదాన్నే ఇవాళ మనం వస్తువు అంటున్నాం. క్లాసులో మాట్లాడేటప్పుడు ‘థీమ్’ అన్నా తప్పు పట్టను.

అప్పు గురించి రాస్తున్నారు కనుక రెండు మాటలు వదలకండి. మార్కండేయ పురాణంలో బాకీ కోసం విశ్వామిత్రుడే వచ్చి నిలదీస్తాడు. తెలుగు కథల్లో ఆ పని ఆయన శిష్యుడు నక్షత్రకుడిది. ఈ నక్షత్రకుడు పుస్తకంలోంచి దిగి ఊళ్లోకి వచ్చేశాడు. పొద్దున్నే ఫైనాన్స్ మనిషి వచ్చి అరుగు మీద కూర్చుంటే, ఇంట్లోంచి ‘నక్షత్రకుని లెక్క ఎంటబడ్డడు’ అన్న మాట వినిపిస్తుంది. అన్నామె ద్విపద చదివి ఉండకపోవచ్చు. రెండోది ‘జీతం’. ‘అప్పు కింద కొడుకును జీతం పెట్టిండు’ అంటే నెల తిరగ్గానే డబ్బు చేతికొచ్చే నౌకరీ అనుకునేరు! మిత్తి (వడ్డీ) తీరేదాకా దొర దగ్గర గొడ్డుచాకిరీ చేయడం అది. నిజాం రాజ్యంలో దీన్ని భగేలా అన్నారు, 1936లో దాని మీద ఒక చట్టం కూడా తెచ్చారు. కాలకౌశికుడి ఇంట్లో చంద్రమతి ఉన్నది అలాంటి జీతమే. మీ ప్రాజెక్టుకు అసలు సరుకు ఇక్కడుంది.

ఇక ‘ఉమ్మడి’. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి, మనకైతే ఉమ్మడి నల్లగొండ జిల్లా. ఒకప్పుడు కలిసి ఉన్నవాటికో, కలిసి అనుభవించేవాటికో ఆ మాట నప్పుతుంది. గౌరన, వలస పాట కట్టిన కూలీ ఏనాడూ ఒక గూటివాళ్లు కారు. ‘ఒకే వస్తువు’ అంటే చాలు.

నన్నడిగితే శీర్షికలో ఇతివృత్తమూ వద్దు, వస్తువూ వద్దు. ‘తెలుగు సాహిత్యంలో అప్పు: గౌరన నుంచి పాలమూరు వలస పాట దాకా’ అని పెట్టి మీ సార్‌కు చూపించండి.