బొమ్మల పుస్తకం చదివాక పిల్లలు "బాగుంది మేడమ్" అని ఊరుకుంటే

గుంతకల్లు వైపు హైస్కూల్లో 8, 9 తరగతుల పిల్లలతో ఎదిగే వయసు గురించి, మనసు ఇబ్బందుల గురించి వచ్చిన బొమ్మల పుస్తకాలు చదివిస్తున్నామని రాశారు. 34 మందీ "బాగుంది మేడమ్" అని ఊరుకున్నారని, ఒకమ్మాయి మాత్రం ఏడ్చిందని, ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి గొడవ పడ్డారని చెప్పారు. "నీకేమనిపించింది?" అంటే ఆ వయసు పిల్లలు నోరు విప్పరు మేడమ్. "ఏ పేజీ దగ్గర ఆగావు?" అంటే చెప్తారు. మా చదువు గంటలన్నీ ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తాయి.

పిల్లలు మాటల వెంట పరుగెత్తుతారు. బొమ్మ పక్కన మాటల బుడగలో అక్షరాలుంటే ఆగుతారు, లేకపోతే పేజీ తిప్పేస్తారు. బాధంతా ఉండేదేమో ఆ మాటల్లేని పేజీల్లోనే. అలాంటి పేజీ ఒకటి ముందే ఎంచి, ఏ3 సైజులో జెరాక్స్ తీయించండి. మొదటి గడి తప్ప మిగతావన్నీ కాగితంతో మూసి, ఒక్కొక్కటే తెరవండి. పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. తర్వాతి గడిలోనూ అలాగే ఉంది, కిటికీలో వెలుగొక్కటే మారింది. "ఈ రెండు గళ్ళ మధ్య ఎంతసేపు గడిచింది?" అని అడగండి. పది నిమిషాలని ఒకరంటారు, పొద్దున్నించి సాయంత్రం దాకా అని ఇంకొకరంటారు. "అన్నం కూడా తిన్నట్టు లేదు" అని వెనక బెంచీ నుంచి ఎవరో అంటారు. అసలు మాటలు అక్కణ్ణుంచి వస్తాయి.

34 మంది ఒకేసారి వద్దు. 12 మంది, ముగ్గురికో పుస్తకం. 45 నిమిషాల పీరియడ్‌లో 20 నిమిషాలు చదవడానికి, 5 నిమిషాలు చీటీలు రాయడానికి, మిగతాది మాట్లాడుకోవడానికి. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, మనిషికి మూడు ముక్కలు ఇవ్వండి. పైన తాము ఆగిన పేజీ నంబరు, కింద ఒక్క వాక్యం, పేరు వద్దు. రాయలేనివాళ్ళు నంబరు వేసి టిక్కు పెట్టినా చాలు. ఆరేడుగురు ఒకే నంబరు వేశారంటే వచ్చే వారం ఆ పేజీతోనే మొదలుపెట్టండి. ఒక్కరే వేసిన పేజీని మాత్రం తరగతిలో ఎత్తొద్దు, ఎవరిదో పక్కవాళ్ళు ఇట్టే కనిపెడతారు. శుక్ర, శనివారాల్లో ఈ పని పెట్టుకోవద్దు. కలతపడ్డ పిల్ల ఆదివారమంతా ఒంటరిగా మోయాల్సి వస్తుంది.

పేరులేని చీటీలో "బతకాలని లేదు" అని ఉంటే? అందుకే ముందే చెప్పి పెట్టుకోవాలి: విడిగా మాట్లాడాలనుకునేవాళ్ళు పేరు రాసి, చీటీ నాలుగు మడతలు పెట్టమని. పేరు రాయకపోయినా సరే, అలాంటి చీటీ వస్తే చేతిరాత పట్టి ఆ రోజే మనిషిని కనుక్కోండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టంలోనే ఉంది.

ఇక పిల్లల మాటల సంగతి. ఆకలైనా, నెలసరైనా, లెక్కల పరీక్షైనా అన్నిటికీ "టెన్షన్" అనే అంటారు. మనిషి ఒంటి బొమ్మ గీసిచ్చి, ఆ టెన్షన్ ఒంట్లో ఎక్కడో చుక్క పెట్టమనండి. కడుపులో దేవడం, గుండె దడ, గొంతు పట్టేయడం, అన్నీ విడివిడిగా బయటికొస్తాయి. అమెరికా బొమ్మల రచయిత్రి రైనా టెల్గెమైయర్ 2019లో వేసిన 'గట్స్' అనే బొమ్మల పుస్తకంలో చిన్నపిల్లకు భయం కడుపునొప్పిగా వస్తుంది. అది చూసి "యాక్టింగ్ చేస్తాంది" అనే పిల్లలుంటారు. వాళ్ళను కసరొద్దు, తమకు కడుపునొప్పి వచ్చినప్పుడు ఇంట్లో విన్న మాటే అది. దిగులును నల్లకుక్కగా గీసిన బొమ్మలు మన పిల్లలకు అంత త్వరగా అందవు. కుక్కంటే వాళ్ళకు తోడు, కాలభైరవుడి వాహనం. "నీ దిగులుకు బొమ్మ గీస్తే ఏమవుతుంది?" అని వాళ్ళనే గీయనివ్వండి.

ఏడ్చిన అమ్మాయిని అందరి ముందూ "ఏమైంది?" అనొద్దు. నీళ్ళిచ్చి, ఆ రోజే ఓ పది నిమిషాలు విడిగా కూర్చోండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగొచ్చు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఇంట్లో నమ్మకస్తులను పిలిపించండి. మనసు ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంట్లోనే ప్రమాదం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

తల్లిదండ్రులకు "మెంటల్" అన్న మాట చెవిన పడితే చాలు, "మా పిల్లకేమన్నా పిచ్చా?" అని వస్తారు. పుస్తకం దాచారనుకుంటే గొడవ ఇంకా పెరుగుతుంది. చదివించే ముందే మీటింగ్ పెట్టి, నెలసరి పేజీ, డాక్టరు దగ్గరికెళ్ళే పేజీ మీరే తెరిచి చూపించండి. చనిపోయే పద్ధతిని గీసి చూపిన పుస్తకమైతే అసలు తేవొద్దు. అమ్మానాన్నలు బెంగళూరు పనులకు పోయిన ఇళ్ళలో మీటింగుకు వచ్చేది అవ్వే. ఆమెకు అక్షరాలు రాకపోయినా బొమ్మ తెలుస్తుంది. ఆ మాటల్లేని పేజీ జెరాక్స్ ఇంటికిచ్చి పంపి, అవ్వ ఏమందో మర్నాడు నాలుగో చీటీ మీద రాసుకు రమ్మనండి.