ఆవు గిట్టల మధ్య చీలి దుర్వాసన వస్తోంది.. ఒక్క ఇంజెక్షన్‌తో ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రెండు జెర్సీ సంకరజాతి ఆవులు, ఒక గేదె ఉన్నాయి. కొబ్బరి తోటలోనే కట్టేస్తాం. వారం పాటు ముసురు పట్టాక పెద్దావు ఉన్నట్టుండి వెనక కుడికాలు నేలకు ఆనించడం మానేసింది. గిట్టల మధ్య వాచి, చర్మం చీలి, దగ్గరకు వెళ్తే భరించలేని వాసన వస్తోంది. పూటకు 5 లీటర్లు ఇచ్చేది 2 లీటర్లకు పడిపోయింది. ఊళ్లో తెలిసినాయనతో ఒక ఇంజెక్షన్ చేయించాం. రెండు రోజులు తేలికపడి, మళ్లీ కుంటుతోంది. కొందరు గాలికుంటు అంటున్నారు. కొందరు కిరసనాయిలు పోసి గుడ్డ కట్టమంటున్నారు. ఏం చేయాలి? మిగతా వాటికి అంటుకుంటుందా? పాలు వాడుకోవచ్చా?
- ఓ పాడి రైతు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది గిట్టల కుళ్లు అయ్యే అవకాశమే ఎక్కువ. ఒక్క కాలికే రావడం, ఉన్నట్టుండి కుంటడం, గిట్టల మధ్య చీలి కుళ్లు వాసన రావడం ఈ జబ్బుకు ముఖ్యమైన గుర్తులు. అయినా కాలు ఎత్తి, కడిగి, చూసిన తర్వాతే ఎవరైనా ఖాయంగా చెప్పగలిగేది. కాబట్టి కిరసనాయిలు సంగతి పక్కన పెట్టి, ఈ రోజే మీ పశువైద్యశాలకు కబురు చేయండి. ఆవు నడవలేని స్థితిలో ఉంటే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించుకోవచ్చు.

ముందు గాలికుంటు అనుమానం తీర్చుకుందాం. గాలికుంటులో నోట్లో పొక్కులు వస్తాయి. నాలుక మీద, చిగుళ్ల మీద పొక్కులు చిట్లి పుండ్లు పడతాయి, సొంగ తీగలుగా కారుతుంది. సాధారణంగా ఒకటికి మించి కాళ్లకు వస్తుంది. కొట్టంలోనూ చుట్టుపక్కలా ఉన్న పశువులకు కొద్ది రోజుల్లోనే పాకుతుంది. మీ ఆవు నోరు తెరిచి చూడండి. నోరు శుభ్రంగా ఉండి, మిగతా రెండు పశువులూ మామూలుగా మేస్తుంటే గాలికుంటు కాకపోవచ్చు. నోట్లో ఒక్క పొక్కు కనిపించినా సరే, పశువులను సంతకు గానీ ఊరి చెరువుకు గానీ తోలకుండా వెంటనే పశువైద్యాధికారికి చెప్పాలి. మూడింటికీ ఆరు నెలలకోసారి ఉచితంగా వేసే గాలికుంటు టీకా పడిందో లేదో కూడా చూసుకోండి. గాలికుంటు వల్ల గిట్టల మధ్య పడ్డ పుండ్ల మీద గిట్టల కుళ్లు సూక్ష్మజీవులు చేరితే ఒకే కాలికి రెండు జబ్బులవుతాయి.

గిట్టల కుళ్లును తెచ్చేవాటిలో ముఖ్యమైన బ్యాక్టీరియా పేరు ఫ్యూజోబ్యాక్టీరియం నెక్రోఫోరం. ఇది ఎక్కడి నుంచో రానక్కర్లేదు. పశువు పేగుల్లోనే ఉంటుంది, పేడతో బయటికి వస్తుంది. చర్మం గట్టిగా ఉన్నంతకాలం ఏమీ చేయలేదు. రోజుల తరబడి బురదలో, పేడ మూత్రం కలిసిన తడిలో నిలబడితే గిట్టల మధ్య చర్మం నాని మెత్తబడుతుంది. అప్పుడు చిన్న గాయం చాలు. మీ తోటలో కొబ్బరి చిప్ప ముక్కలు, ఎండిన మట్టల మొదళ్లు, ఈనెలు ఉండనే ఉంటాయి. వరి పొలాల వైపైతే కోత తర్వాత మిగిలే మోళ్లు, మెట్ట ప్రాంతంలో గులకరాళ్లు ఇదే పని చేస్తాయి. ఆ గాయం నుంచి లోపలికి దిగిన సూక్ష్మజీవి, మరికొన్ని రకాలతో కలిసి, చర్మం కింద కండను కుళ్లబెడుతుంది. జ్వరం 103 నుంచి 105 డిగ్రీల దాకా వెళ్లొచ్చు. నొప్పికి పశువు మేత దగ్గరకు కూడా నడవదు, అందుకే పాలు అంతగా పడిపోయాయి.

ఈ సూక్ష్మజీవికి ఇంకో గుణం ఉంది: గాలి తగలని చోటే పెరుగుతుంది. పుండుకు తడి తగలకూడదని ప్లాస్టిక్ కవరు చుట్టి తాడు కట్టేవాళ్లున్నారు. తారు పూసేవాళ్లు, గోనె ముక్క బిగించి నాలుగు రోజులు విప్పనివాళ్లు కూడా ఉన్నారు. పశువు మీద ప్రేమతోనే చేస్తారు, కానీ దానివల్ల పుండుకు గాలి అందక కుళ్లు ఇంకా లోతుకు పోతుంది. కిరసనాయిలు, బ్యాటరీ యాసిడ్, చిక్కటి ఫినాయిల్, వాడేసిన ఇంజన్ ఆయిల్ బతికి ఉన్న కండను కూడా కాలుస్తాయి. ఇక కాల్చిన ఇనుముతో వాత పెట్టడం ఆ నోరులేని జీవిని హింసించడమే. దయచేసి ఎవరు చెప్పినా చేయవద్దు.

ఒక్క ఇంజెక్షన్‌తో ఎందుకు తగ్గలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అందులో ఏ మందు ఉందో మీరు రాయలేదు. నొప్పి మందు మాత్రమే అయితే రెండు రోజులు తేలికపడటం, తర్వాత మళ్లీ కుంటడం సహజమే. యాంటీబయోటిక్ అయినా ఒక్క డోసుతో ఆపేస్తే లోపలి ఇన్ఫెక్షన్ చావదు. గిట్టల కుళ్లుకు పైపూత మందు చాలదు, రక్తం ద్వారా మందు చేరాలి. ఆక్సీటెట్రాసైక్లిన్, పెన్సిలిన్, సెఫ్టియోఫర్ వంటివాటిలో ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది ఆవు బరువు, చూడి, జ్వరం చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. చూడి ఆవైతే ఎన్నో నెలో తప్పక చెప్పండి. ముందు వేసిన మందు సీసా దొరికితే దాచి చూపించండి. కుంటడం మొదలైన తొలి రెండు రోజుల్లోనే సరైన మందు పడితే చాలా పశువులు మూడు నాలుగు రోజుల్లో కాలు మోపుతాయి. కుంటు తగ్గినా కోర్సు మాత్రం పూర్తి చేయాల్సిందే.

నొప్పికి మెలాక్సికామ్ వేయించుకోవచ్చు. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం మన దేశంలో 2006 నుంచి నిషేధం. ఆ మందు పడ్డ పశువు చనిపోతే, కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోతున్నాయని తేలింది. మనుషులకు అమ్మే డైక్లోఫెనాక్‌ను తెచ్చి పశువుకు వేస్తామంటే ఒప్పుకోకండి.

ఇంట్లో మీరు చేయాల్సిన పని కూడా ఉంది. ఆవును పొడిగా, గట్టిగా ఉన్న నేల మీదికి మార్చండి. మేత, నీళ్లు దాని ముందుకే తీసుకెళ్లండి. లీటరు గోరువెచ్చని నీటిలో ఒక గ్రాము పొటాషియం పర్మాంగనేట్ పూర్తిగా కరిగించి, ఆ నీటితో గిట్టల మధ్య మెత్తగా కడగండి. చిప్ప ముక్క గానీ మేకు గానీ గుచ్చుకుని ఉందేమో చూడండి. శుభ్రమైన గుడ్డతో తడి అద్ది, పొవిడోన్ అయొడిన్ రాయండి. కుళ్లిన కండను కోసి తీయడం మాత్రం డాక్టర్ పని. మీరు బ్లేడు పట్టకండి. చేతికి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి. పుండులో పురుగులు కనిపిస్తే ఆ విషయం ఫోన్‌లోనే చెప్పండి, దానికి తగ్గ మందు వెంట తెస్తారు.

పాల గురించి అడిగారు. మందు వాడుతున్నన్ని రోజులు, ఆఖరి ఇంజెక్షన్ తర్వాత ఎన్నాళ్లు పాలు వాడకూడదో సీసా మీద రాసిన గడువు ముగిసేదాకా ఆ పాలు ఇంట్లో వాడొద్దు, పాల కేంద్రంలో పోయొద్దు. సీసా మీద ఆ గడువు లేకపోతే కనీసం 7 రోజులు ఆగాలి. కాచినంత మాత్రాన మందు అవశేషాలు పోవు. పాలు పిండటం మాత్రం మానకండి. కాలు నొప్పితో ఆవు ఎక్కువసేపు పడుకునే ఉంటుంది కనుక పొదుగు తడి నేలకు తగిలి పొదుగువాపు వచ్చే ప్రమాదం ఉంది. పిండే ముందు, పిండాక చన్నులు శుభ్రం చేయండి.

మిగతా రెండింటికీ గాలి ద్వారా రాదు. కానీ పుండు నుంచి కారే చీము పడిన చోట అవి నిలబడితే, వాటి గిట్టల మధ్య గాయం ఉంటే, వాటికీ రావచ్చు. కాలు తగ్గేదాకా పెద్దావును విడిగా కట్టండి.

ఇక అసలు సంగతి నేల. మందుతో ఈసారి తగ్గించుకోవచ్చు. కట్టేసే చోటు మారకపోతే వచ్చే ముసురుకు మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది. మీ వైపు నేల నీరు త్వరగా వదలదు కాబట్టి తోటలో ఒక మూల మట్టి పోసి ఎత్తు చేయించండి. పది అడుగులకు రెండు మూడు అంగుళాల వాలు ఉంటే మూత్రం, కడిగిన నీళ్లు నిలవవు. సిమెంటు చేయిస్తే మరీ నున్నగా కాకుండా గాడులు తీయించండి, లేదంటే జారిపడతాయి. పరుపుగా ఎండుగడ్డి, ఊక, పొడి ఇసుక మంచివి. మీ దగ్గర చవగ్గా దొరికే కొబ్బరి పొట్టు నీళ్లు బాగా పీల్చుకుని చాలాసేపు తడిగానే ఉంటుంది. వానాకాలంలో రోజూ తీసి మార్చగలిగితేనే అది వేయండి. నీళ్ల తొట్టి చుట్టూ బురద కావడం చాలామంది పట్టించుకోరు, పశువు రోజుకు ఎన్నోసార్లు నిలబడేది అక్కడే.

వర్షాకాలంలో వారానికి రెండు మూడుసార్లు మైలతుత్తం (రాగి ఉండే కాపర్ సల్ఫేట్) నీళ్లలో కాళ్లు ముంచడం మంచి అలవాటు. మూడు పశువులకు సిమెంటు తొట్టి కట్టించాల్సిన పని లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో 10 లీటర్ల నీళ్లకు అరకిలో మైలతుత్తం కలపండి. ఇనుప పాత్ర వద్దు. గిట్టలు మునిగేంత నీళ్లుండాలి. పేడ అంటిన కాలు పెడితే మందు పని చేయదు, ముందు కడగాలి. ఇది పుండు లేని కాళ్లకు ముందుజాగ్రత్త కోసమే. పశువులు ఆ నీళ్లు తాగకూడదు. గొర్రెలు ఉంటే మరీ జాగ్రత్త, వాటికి రాగి త్వరగా విషమవుతుంది. వాడిన నీళ్లను పంట కాలువలో గానీ చేపల చెరువులో గానీ పారబోయకండి, చేపలు చచ్చిపోతాయి. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. గిట్ట, చర్మం గట్టిపడటానికి కావాల్సిన జింకు అందులో ఉంటుంది. పెరిగిపోయిన గిట్టలను ఏడాదికి రెండుసార్లు చెక్కించండి.

సరైన మందు మొదలుపెట్టి మూడు నాలుగు రోజులైనా ఆవు కాలు మోపకపోయినా, వాపు గిట్ట పైకి పాకినా, గిట్ట పైఅంచు దగ్గర చీము కారినా ఆగవద్దు. ఇన్ఫెక్షన్ కీలుకు చేరి ఉండొచ్చు, లేదా ఇది అరికాలి పుండో, లోపల చీముగడ్డో కావచ్చు. అప్పుడు ఎక్స్‌రే, శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్లే వీలుంటుందేమో మీ డాక్టర్‌ను అడగండి. కీలు దెబ్బతిన్న కేసుల్లో ఒక గిట్టను తీసేయాల్సి వచ్చినా, రెండో గిట్ట మీద నడుస్తూ పాలిచ్చే ఆవులున్నాయి. కాబట్టి కాలు పోయిందనుకుని ఆవును అమ్మేసుకోకండి.